ఇప్పలగుంపు దాటాకే పరీక్ష

మా ఆవిడ ఫ్లోరెన్సుకు కోపం వస్తే గిన్నెలు విసరదు, దరఖాస్తు పెడుతుంది. ఆమె ఇప్పలగుంపు అనే కోయ పల్లెకు పంచాయతీ కార్యదర్శి. నేను మణుగూరు బొగ్గుగనిలో పంపు ఆపరేటర్ని. ఒకసారి మండల సమావేశంలో ఆమె ఏదో చెప్పబోతే ఒక అధికారి, "పరిపాలన గురించి చదువుకున్నవాళ్లు మాట్లాడుతున్నారు, మీరు కూర్చోండమ్మా" అన్నాడట. ఆ రాత్రి అన్నం కలుపుతూ ఒక్కటే మాట చెప్పింది.

"నేను పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ల ఎం.ఏ. చేస్త."

"చెయ్, ఎవరొద్దన్నరు" అన్నాను. అంత తేలిగ్గా అనకుండా ఉండాల్సింది.

దూరవిద్యలో సీటు వచ్చింది. తరగతులేమో ఆదివారాలు పెట్టేవారు. చర్చికి నేనూ పిల్లాడూ పోయేవాళ్లం, ఆమె పుస్తకాల సంచీతో బస్సెక్కేది. మా సంఘపెద్ద బెంజమిన్ గారు మొదట్లో ఆమె ఏదని అడిగేవారు. తర్వాత అడగడం మానేసి, ఆమె పేరు చెప్పి గట్టిగా ప్రార్థన చేయడం మొదలుపెట్టారు. దారి తప్పిన గొర్రెను మళ్లీ మందలో చేర్చమని. నేను కళ్లు మూసుకుని కూర్చునేవాణ్ని. ఆయన మీద ఒళ్లు మండేది కానీ పైకి 'ఆమెన్' అనేవాణ్ని.

అన్ని పేపర్లూ గట్టెక్కాయి, ఒక్కటి తప్ప. ఒక ఏడు పరీక్షప్పుడే పిల్లాడికి పచ్చకామెర్లు, ఆ మరుసటేడు పరీక్ష వానాకాలంలో పడి గోదావరి వరద డ్యూటీ. చివరికి రిజిస్ట్రేషన్ గడువు కూడా ముగింపుకొచ్చింది. 2008 మే పరీక్షే ఆఖరి అవకాశం. అదీ తప్పితే పాసైన పేపర్లు కూడా లెక్కలోకి రావు, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఆ మాట నేను ఎత్తినప్పుడల్లా ఫ్లోరెన్సు లేచి వంటింట్లోకి పోయేది.

పరీక్ష భద్రాచలంలో. నా స్కూటరు మీద బయల్దేరాం. అవి భూమి పండుగ రోజులు. పండుగకు కోయ పల్లెల్లో మగవాళ్లు వేటకు అడవిలోకి పోతారు, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు పట్టి వచ్చేపోయే బండ్లను ఆపి పైసలు అడుగుతారు. ఏ రోజు నుంచి ఆపేదీ క్యాలెండరులో ఉండదు, ఊరి పెద్దలు అనుకున్న రోజే. పరీక్ష రోజుకు తమ ఊళ్లో బొంగు పడుతుందని ఇప్పలగుంపు పుల్లమ్మ వారం ముందే చెప్పింది కూడా.

"ముందు బస్సుకు పోదమన్న కదనే" అన్నాను.

"మనల్నెవరు ఆపుతరు? నేను ఆళ్ల సెక్రటరీని" అంది ఫ్లోరెన్సు.

ఇప్పలగుంపు మలుపు దగ్గరే ఆపారు. బొంగుకు ఒక కొసన పుల్లమ్మ, వెనక పది పన్నెండు మంది ఆడవాళ్లు, జడల్లో అడవి పూలు. మా వెనకే వచ్చిన బస్సు కూడా ఆగింది. కిటికీలోంచి బెంజమిన్ గారి తెల్ల జుట్టు కనిపించింది. నేను చప్పున తల తిప్పుకున్నాను.

"పుల్లమ్మా, బొంగు తియ్. నాకు పరీక్షుంది" అంది ఫ్లోరెన్సు, ఆఫీసు గొంతుతో.

"ఆఫీసుల నువ్వు సెక్రటరీవి బిడ్డా. ఈ నాల్గొద్దులు రోడ్డు మాది" అంది పుల్లమ్మ.

నేను జేబులోంచి యాభై నోటు తీశాను. ఆమె నవ్వింది.

"పైసలు లారీలోళ్లిస్తరు సారూ. ఎవరో ఏందో తెల్వనోళ్ల కాడ తీస్కుంటం. మనోళ్లయితే దిగి ఆడాలె."

"జల్దీ పోవాలె తల్లీ. తీస్కో" అన్నాను.

పుల్లమ్మ ముఖంలో కోపమేమీ లేదు. నోటు తీసుకుని బొంగు పైకెత్తింది. "గట్లయితే పోండి" అంది. దారి ఖాళీ అయింది. నేను గేరు వేసి కదిలాను, కదలగానే బండి తేలికైపోయింది. తిరిగి చూస్తే ఫ్లోరెన్సు రోడ్డు మీద నిలబడి చెప్పులు విడుస్తోంది.

"నీకేమన్న పిచ్చా?" అన్నాను. "పరీక్ష మొదలై అరగంట దాటితే గేటు మూస్తరు. పైగా బస్సుల పెద్దాయన ఉన్నడు."

"చూడనీ" అంది. "ఏండ్ల సంది ఈ ఊరోళ్ల పని చేస్తున్న. ఇయ్యాల పైసలిచ్చి పరాయిదాని లెక్క పోతనా?"

పుల్లమ్మ నడుం మీద చెయ్యి వేసి వరసలో కలిసింది. రేల పాట ఎత్తుకున్నారు. మా ఆవిడకు ఆట రాదు, పాట అసలే రాదు. కుడి కాలు వేయాల్సిన చోట ఎడమ కాలు వేసింది, పక్కనున్న పిల్ల నవ్వి సరిదిద్దింది. పాట ఎంతకీ అయిపోదే. నేను వాచీ చూసుకుంటూ, బస్సు వైపు చూడకుండా, నా పెళ్లాన్ని చూస్తూ నిలబడ్డాను. భయంగా ఉంది. ఆమె బాగుంది కూడా, ఆ మాట దాచడమెందుకు.

పాట ముగిశాక పుల్లమ్మ ఇప్పాకు రెమ్మ ఒకటి తెంపి మా స్కూటరు హ్యాండిలుకు కట్టింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ముందు ఊళ్లో మళ్లీ బొంగు కనిపించేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కడి ఆడవాళ్లు రెమ్మను చూశారు, మాట లేకుండా బొంగు లేపారు. ఆ తర్వాతి ఊళ్లోనూ అంతే. దారి పొడవునా డబ్బులిచ్చిన బండ్లన్నీ మళ్లీ మళ్లీ ఆగుతుంటే, మేం వాటి పక్కనుంచి పోయాం. నేను ఒక్కచోట ఇచ్చిన నోటుతో అన్ని ఊళ్లు దాటగలిగేవాణ్ని కాదు.

కాలేజీ దగ్గర అటెండరు గేటు మూయబోతున్నాడు. ఫ్లోరెన్సు హాల్‌టికెట్ పైకెత్తి పరుగెత్తింది. ఆమె చెప్పులు ఇప్పలగుంపులోనే ఉండిపోయాయని అప్పుడు చూశాను.

సాయంత్రం బయటికొచ్చాక అడిగాను, "ఏం రాసినవ్?"

"ప్రజల భాగస్వామ్యం మీద అడిగిండ్రు. పొద్దున జరిగిందే రాసిన" అంది.

ఆ ఆదివారం బెంజమిన్ గారు ప్రార్థనలో ఆమె పేరు ఎత్తగానే నేను కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాను. "ఈ సహోదరిని పరీక్షలో గట్టెక్కించు ప్రభువా" అని ఆపేశారు. ఆట ఊసే లేదు. ఆయన ఒకప్పుడు ఇప్పలగుంపు బళ్లో మాస్టారట. ఆ రోజు బస్సులోంచి ఆయన్ని కూడా దింపారని తర్వాత తెలిసింది.

ఫ్లోరెన్సు పాసైంది. ఇప్పుడు మండల సమావేశంలో లేచి మాట్లాడితే ఎవరూ కూర్చోమనడం లేదు. పట్టా ఇంకా రాకముందే మానేశారు కాబట్టి అది చదువు వల్లో, ఆమె చూపు వల్లో నేను చెప్పలేను.

పట్టా వచ్చేసరికి మళ్లీ మే నెల. తీసుకురావడానికి ఇద్దరం అదే స్కూటరు మీద భద్రాచలం బయల్దేరాం. ఇప్పలగుంపు మలుపులో మళ్లీ బొంగు, మళ్లీ పుల్లమ్మ. ఫ్లోరెన్సు దిగబోయింది. పుల్లమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు కూసో బిడ్డా. నువ్వు పోయినేడే ఆడినవ్" అంది. నా వైపు తిరిగింది. "నువ్వు దిగు, అల్లుడా."

నా చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. ఫ్లోరెన్సు వెనకనుంచి ఆ చేతిని పట్టుకుని బయటికి లాగింది. నేను చెప్పులు విడిచాను.