స్పీకర్ పెట్టెకు కట్టిన గుడ్డ

ప్రత్యూష గిటార్ కొనుక్కుని నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లూ వాళ్ల నాన్న అంకమ్మరావు దాని ఊసెత్తలేదు. పామర్రు దగ్గర మగ్గాల బజార్లో వాళ్ల ఇల్లు. కూతురు సెలవులకొచ్చి వాయించడం మొదలుపెడితే ఆయన మగ్గం మీద నాడెను ఇంకాస్త జోరుగా ఆడించేవాడు. పోట్లాడే మనిషైతే తిరిగి పోట్లాడొచ్చు, మాట్లాడని మనిషితో ఏం చేస్తాం? ఆమె విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు స్నేహితులతో పాటలు కట్టుకుంటూ తన మానాన తాను ఉండేది.

అలాంటి మనిషి దసరా సెలవుల్లో తనంతట తానే నోరు విప్పాడు.

"ఆ పెట్టెకి ముందు గుడ్డ ఎవరు కడతారమ్మా?"

పెట్టె అంటే స్పీకర్ పెట్టె. ప్రత్యూష దగ్గరున్నది చిన్న ట్యూబ్ ఆంప్లిఫయర్, అయిదు వాట్లది. దాని ధ్వని ఆమెకు ప్రాణం. కానీ లోపలి స్పీకర్ పళ్లెమంత కూడా ఉండదు, గదికి సరిపోతుంది గాని హాలుకు చాలదు. అందుకని పన్నెండంగుళాల స్పీకర్ కొని, ఉయ్యూరు వడ్రంగి చేత దానికో పెట్టె చేయించి ఇంటికి తెచ్చింది.

"ఎవరో ఎందుకు, నేనే నేస్తాలే" అన్నాడు అంకమ్మరావు.

వారం తిరక్కుండానే ముదురు నీలం గుడ్డ తయారైంది. సన్న నూలుతో, పోగు పక్కన పోగు ఒత్తి నేశాడు. చిక్కగా గంజి పెట్టాడు. పెట్టె మీద బిగలాగి, చుట్టూ ఇత్తడి మేకులు తనే కొట్టాడు. "దుమ్ము రేణువు కూడా లోపలికి పోదు, చూస్కో" అన్నాడు. ప్రత్యూషకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము సంగతి ఆమెకు పట్టలేదు. నాన్న ఆ పెట్టెను ముట్టుకున్నాడు, అది చాలు. పైగా ఆదివారం విజయవాడ లబ్బీపేటలో జరిగే కచేరీకి వస్తానన్నాడు కూడా.

శనివారం పొద్దున పెట్టెను గవర్నరుపేటలో యేసుకుమార్ రిపేరు షాపుకు చేర్చింది. వాళ్ల బృందంలో బేస్ గిటార్ వాయించేదీ అతనే. మీటరు పెట్టి చూశాడు. ఆరున్నర చూపించింది.

"ఎనిమిది ఓముల స్పీకర్‌కి మీటర్లో ఇంతే వస్తుంది, కంగారుపడకు. ఆంప్ వెనక కూడా ఎనిమిది అని రాసున్న జాక్‌లోనే పెట్టాలి. గిటార్ వైరు వాడకు, స్పీకర్ వైరే వాడాలి. ఇంకోటి, ట్యూబ్ ఆంప్ ఆన్‌లో ఉండగా స్పీకర్ వైరు పీకావో, లోపల ట్రాన్స్‌ఫార్మర్ మాడి కూచుంటుంది. ముందు ఆపు, తరవాతే పీకు."

ఆంప్ ఆపి లోపలి స్పీకర్ వైరు తీశారు, పెట్టె వైరు పెట్టారు, స్విచ్ వేశారు. ట్యూబులు వేడెక్కాక ప్రత్యూష తీగ మీటింది. ఎవరో దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టు వచ్చింది ధ్వని.

ఆపారు. వైరు మార్చారు. జాక్ తుడిచారు. మళ్లీ అదే మూలుగు. చివరికి యేసుకుమార్ పెట్టె వెనక చెక్క విప్పి, వెనక్కి వెళ్లి నిలబడి, "ఇప్పుడు వాయించు" అన్నాడు. వెనక నుంచి వచ్చే ధ్వని ముందుదానంత పదునుగా ఉండదు. అయినా ఆ గుడ్డలోంచి వచ్చేదానికంటే ఎంతో మేలుగా ఉంది.

"గుడ్డమ్మా! అది గుడ్డ కాదు, గోడ. పీకేద్దాం."

"వద్దన్నా. ఆ మేకులు మా నాన్న కొట్టాడు."

పీకేస్తే ఏదీ నా గుడ్డ అంటాడు. బాగా లేదంటే ఇక జన్మలో గిటార్ వంక చూడడు. రాత్రంతా అదే గుబులు. చివరికి ఆదివారం స్టేజీ మీద పెట్టెను వెనక్కి తిప్పి పెట్టింది. గుడ్డ గోడవైపు, చెక్క విప్పిన వెనక భాగం జనంవైపు.

అంకమ్మరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కచేరీకి అరగంట ముందే బస్సు దిగి వచ్చేశాడు. తిన్నగా స్టేజీ దగ్గరకొచ్చి పెట్టెను చూశాడు. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాడు.

"గోడకి చూపిస్తన్నావేంటి నా గుడ్డని?"

"స్టేజీ మీద అట్లాగే పెడతారు నాన్నా."

ఆయన యేసుకుమార్ వైపు తిరిగాడు. "అంతేనా బాబూ?"

యేసుకుమార్‌కు అబద్ధం చేతకాదు. "మీరు మీరు చూసుకోండి" అంటూ వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

ప్రత్యూష ఇక దాచలేకపోయింది. "గుడ్డలోంచి సౌండ్ రావట్లేదు నాన్నా. నేత చాలా దగ్గరగా ఉంది. గంజి కూడా..."

అంకమ్మరావు వంగి, గుడ్డకు నోరు ఆనించి ఊదాడు. ఊపిరి తిరిగి ఆయన మొహానికే తగిలింది. తలాడించాడు. ఆ ఆడించడంలో కాస్త గర్వం కూడా లేకపోలేదు.

"నలభై ఏళ్లనుంచి నేస్తన్నా. కొనేవాళ్లు అంచు బాలేదన్నారు, రంగు దిగిందన్నారు, పోగు జారిందన్నారు. మొహం మీదే అన్నారు. సరిచేసి ఇచ్చా. నేను బాధపడతానని దాచింది నువ్వొక్కదానివే. అదమ్మా నాకు కష్టంగా ఉంది."

"తప్పయిపోయింది నాన్నా" అంది.

"స్క్రూడ్రైవర్ ఇటివ్వు."

మేకులన్నీ ఒక్కొక్కటే తనే లేపాడు. గుడ్డ చిరక్కుండా తీసి, మడిచి భుజాన వేసుకున్నాడు. యేసుకుమార్ ఆంప్ ఆపి, వైరు తీసి, పెట్టెను జనంవైపు తిప్పి, మళ్లీ వైరు పెట్టి స్విచ్ వేశాడు. ప్రత్యూష మొదటి పాటలో నాలుగు వరసలు వాయించింది. కుర్చీలు సర్దుతున్న వాళ్లు తలలు తిప్పి చూశారు. అంకమ్మరావు పెట్టెకు ఎదురుగా మూరెడు దూరంలో నిలబడి కదలకుండా విన్నాడు.

"ఆపావేం? వాయించు" అన్నాడు.

ఆమె పాట మొత్తం వాయించింది. అయ్యాక ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత సందుండాలి? సూది మొన పట్టాలా, నువ్వుగింజ పట్టాలా?"

"నువ్వుగింజ పట్టాలి నాన్నా."

"అంత పల్చనా!" ఆయన భుజం మీది గుడ్డను ఓసారి వేళ్లతో తడిమి చూశాడు. "అట్లాంటి గుడ్డ నా మగ్గం మీద చూస్తే బజారంతా నవ్వుద్ది. నేస్తాలే. ఎవరు నేశారని అడిగితే మటుకు దాచకు. మా నాన్నే అని చెప్పు."