గేటు మీది విల్

నూలు మిల్లు గేటుకు ఇంగ్లీషు నోటీసు అంటించారు. ఇరవై రెండేళ్లుగా అక్కడ పనిచేస్తున్న వదిన, సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకు వెళ్తున్న ఆడపడుచును ముందుకు తోసింది.

"ఏం రాశారే?"

"మిల్లు 'విల్ క్లోజ్' అని ఉంది వదినా. వచ్చే నెల మూసేస్తారట."

"విల్ అంటే ఖాయమేనా?"

"జరగబోయేదానికి వాడతారు."

"పోయినేడాది కొత్త ఫ్యాన్లు పెడతామన్నారుగా, అదీ విల్లేనా?"

"అదీ విల్లే."

"మరి ఒక్కటైనా తిరిగిందా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. ఆడపడుచు మాత్రం నోటీసు చివరి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

"కింద ఇంకోటుంది వదినా. మిషన్లు అమ్మేశారట. ఇందులో విల్ లేదు, అయిపోయినట్టే రాశారు."

వదిన లోపలికెళ్లి, తన మిషను మీద పేరుకున్న దూదిని కొంగుతో తుడవసాగింది.