ఫిర్యాదుల్లేని గోదాము

కొత్తగా సూపర్‌వైజర్లయినవాళ్ళు నన్ను సలహా అడుగుతుంటారు. చెడు కబురు తెచ్చినవాడి నెత్తినే ఆ పని రుద్దకండి అంటాను. ఇంతేనా అని మొహం ముడుచుకుంటారు. ఆ ఇంత నేర్చుకోవడానికి నాకేం పట్టిందో వాళ్ళకు తెలియదు.

బట్టల గోదాములో నేను సూపర్‌వైజరైన మొదటి వారమే ఒక రూలు పెట్టాను. లోపం ఎవరి కంట పడితే వాళ్ళే దాన్ని బాగుచేయించాలి. బల్బు పోయిందన్న ప్యాకింగ్ అక్క చేతే నిచ్చెన మోయించాను. కుళాయి కారుతోందన్న వాచ్‌మన్‌ను డ్యూటీ అయ్యాక ప్లంబర్ కోసం తిప్పాను. బాధ్యత నేర్పుతున్నాననుకుని మురిసిపోయాను. మూడు నెలలు తిరిగేసరికి ఫిర్యాదన్న మాటే వినపడలేదు. మేనేజరు భుజం తట్టాడు. దాచుకోవడమెందుకు, పొగరు తలకెక్కింది.

ఒక సోమవారం మా తమ్ముడు పనిలో చేరాడు. నా మాట మీదే తీసుకున్నారు. పదింటికి నేను కింది అంతస్తులో నిలబడి చూస్తే, అందరూ మూటలు భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నారు. పక్కనే సామాన్ల లిఫ్టు తలుపు పిడి మీద దుమ్ము పేరుకుని ఉంది.

“లిఫ్టుకేం రోగం?” అన్నాను.

“ఏం లేదు సార్. కాళ్ళకి కాస్త పని ఉండాలిగా,” అన్నాడు మేస్త్రీ. ఎవరూ నవ్వలేదు.

ఇంతలో లిఫ్టు కదిలిన చప్పుడైంది. నాలుగో అంతస్తులో మా తమ్ముడు మూటలతో ఎక్కాడు. వాడి ఈల కిందికి వినపడుతోంది. కిందున్నవాళ్ళంతా ఒకరికొకరు చెప్పుకోకుండానే తలుపు దగ్గర్నుంచి నాలుగడుగులు వెనక్కి జరిగారు.

మెయిన్ స్విచ్ లాగేశాను. లిఫ్టు మూడో అంతస్తు దగ్గర ఆగి ఊగింది.

“ఏమైంది దానికి? చెప్పండి.”

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాకు కోపం రాలేదు, భయమేసింది. చేతులు జోడించాను.

“ఇనప తాడు తెగుతోంది సార్,” అంది ప్యాకింగ్ అక్క. “మూడు వారాలైంది. పైనుంచి చూస్తే కనపడుతుంది. ఆరు పాయల్లో రెండో మూడో మిగిలాయి. మీతో చెప్తే కొరివితో తల గోక్కున్నట్టే కదా.”

“మా తమ్ముడికైనా చెప్పాల్సింది కదక్కా?”

“మీ తమ్ముడు కాబట్టే చెప్పలేదు. అతను మీ చెవిన వేస్తాడు. ఎవరు చెప్పారని మీరడుగుతారు.”

పైనుంచి తమ్ముడి గొంతు వినపడింది. “అన్నయ్యా, కరెంటు పోయిందా?”

“కదలకురా. అలాగే కూర్చో.”

“ఎందుకు? ఏమైంది?”

నిజం చెబితే బెదిరిపోయి గెంతుతాడేమో అనిపించింది. “ఏం లేదురా,” అన్నాను.

ఏమీ లేనప్పుడు కూర్చోవడం దేనికని వాడు తలుపును కాలితో తన్నడం మొదలుపెట్టాడు.