మొదటిది నేలకు

ఎడమ అరచేతిలో రొట్టెముక్క, కుడిచేతిలో పదును లేని కత్తి. గరిటెడు పల్లిముద్దను ముక్క నడుమ వేసి, నాలుగు మూలలకూ తోసి, మళ్లీ మధ్యకు లాగి, శివయ్య పక్కన పెట్టాడు. రెండో ముక్కకూ అంతే. మధ్యలో చెంచాడు జామ్. రెండు ముక్కలూ కలిపి అరచేత్తో ఒక్క ఒత్తు. మూల నుంచి మూలకు ఒక్క కోత. పన్నెండోది అయిపోయింది. ఇంకా ఇరవై ఎనిమిది ఉన్నాయి.

రెండు వైపులా ముద్ద పూసి నడుమ జామ్ వేస్తే రొట్టె తడవదు. మూడు గంటల తర్వాత ఆకాశంలో తీసి చూసినా శాండ్‌విచ్ విచ్చుకోదు. ఇది కంపెనీ పద్ధతి. పద్ధతి కంపెనీది గానీ, ముద్ద మూలమూలకూ అందేలా పూసే ఓపిక మాత్రం శివయ్యది. పదకొండేళ్లుగా ఈ పల్లివెన్న పూసీ పూసీ వెన్నుకు నొప్పి వచ్చింది తప్ప, రొట్టెకు కాక మనిషికి వెన్న పూయడం అతనికి ఒక్కరోజూ చేతకాలేదు. అందుకే చేరిన రోజు ఏ బల్ల ముందు నిలబడ్డాడో ఇవాళా అదే బల్ల ముందు ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఆ బల్లతోనూ రుణం తీరిపోతుంది. అరవై నిండాయి. పాస్ గేటు దగ్గర ఇచ్చేసి మామిడిపల్లి బస్సెక్కడమే.

శంషాబాద్ విమానాశ్రయం పక్కన, విమానాలకు భోజనం పంపే వంటశాల అది. బిర్యానీ నుంచి బిస్కెట్ దాకా అన్నీ పెద్ద హాల్లోనే తయారవుతాయి. పల్లి ఒక్కదానికే వేరు కాపురం. మూలన ఒక అద్దాల గది, నీలం గౌను, నీలం కత్తి, మూత ఉన్న చెత్తడబ్బా. కొందరికి పల్లి పడదు, పొడి సోకినా గొంతు వాచి ఊపిరాడదు అని చేరిన కొత్తలో చెప్తే శివయ్య నమ్మలేదు. పల్లి పండక పడిపోయినవాళ్లను చూశాడు గానీ, పల్లి పడక పడిపోయినవాళ్లను అతనెక్కడా చూడలేదు. అప్పుడు ఒక బొమ్మ చూపించారు. పెదాలు ఉబ్బి, కళ్లు మూసుకుపోయిన పిల్లవాడి మొహం. ఆ రోజు నుంచి గది దాటిన ప్రతిసారీ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటాడు, ఇంటికి వెళ్లాక కూడా. "దవాఖానల డాక్టరు గూడ గింత కడగడు" అంటుంది భార్య ముత్తమ్మ.

పల్లిముద్ద తినే విధం ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ముత్తమ్మకు మెత్తటి రొట్టె గిట్టదు. పల్లీలు వేయించి, పొట్టు చెరిగి, నూనె తేలేదాకా మిక్సీ పట్టి, ఎల్లిగడ్డా ఉప్పూ వేసి జొన్నరొట్టెకు రాస్తుంది. అద్దానికి అవతల, తెల్లవారుజాము నుంచి జామ్ పూసే కళ్యాణి ఉంది. బడంగ్‌పేట నుంచి వస్తుంది. ఇంట్లో ఆమె ముద్ద మీద కారం చల్లి, ఉల్లిగడ్డ తరిగి, నిమ్మకాయ పిండుతుంది. సూపర్‌వైజర్ ప్రసన్నలక్ష్మి కోస్తా మనిషి. అరటిపండు చక్రాలు పరచుకుంటుంది.

శివయ్యది బెల్లం. కంపెనీ పుస్తకంలో లేని శాండ్‌విచ్ అది. పొద్దున విప్పిన మొదటి రొట్టెకు అటూ ఇటూ ఉండే రెండు గోధుమరంగు కొసముక్కలు ఎలాగూ చెత్తలోకే పోతాయి. వాటికి ముద్ద పూసి, మిఠాయి బల్ల నుంచి తెచ్చిన చిటికెడు బెల్లం పొడి చల్లి, ఒత్తి, కిటికీ గట్టు మీద పెడతాడు. ఆ కిటికీలోంచి రన్‌వే తూర్పు చివర కనిపిస్తుంది. ఒకప్పుడు అక్కడ వాళ్ల పల్లిచేను ఉండేది. కాయ పీకే రోజు బాపు మొదటి చెట్టు పీకి, మన్ను దులపకుండా గెట్టు మీద పెట్టి, పక్కన బెల్లం ముక్క ఉంచి, ఆ తర్వాతే కూలీలను చేన్లోకి దిగమనేవాడు. మొదటిది నేలకు. చేను పోయింది, బాపు పోయాడు. పల్లీలు లేచిన చోట ఇప్పుడు విమానాలు లేస్తున్నాయి. అయినా మొదటిది నేలకే. రెండు గంటల దాకా గట్టు మీద ఉంచి, దిగేటప్పుడు దాన్ని మూత ఉన్న డబ్బాలో వేస్తాడు. ఏ లెక్కలోనూ రాయడు. చెత్తకు పోయే ముక్కలకు రాతేమిటని.

ఇవాళ మాత్రం ఎనిమిదింటికి ఆడిట్ సారు దిగాడు. పేరు శ్రావణ్‌కుమార్. ఆరాంఘర్ చౌరస్తాలో ఆరామూ లేక, ఘరూ చేరక గంటన్నర ఇరుక్కుని వచ్చినవాడి మొహంలా ఉంది మొహం. చీటీ లేని వస్తువు గదిలో కనిపిస్తే తప్పు రాస్తాడని ముందే చెప్పారు. సారు హాలు తలుపు దాటడం చూసి శివయ్య గబగబా కొసల శాండ్‌విచ్‌ను పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, అద్దాల తలుపు బయట ఉన్న చక్రాల బండి కింది అరలో పెట్టాడు. సారు అటు పోగానే తెచ్చేసుకోవచ్చనుకున్నాడు.

పల్లి గది దాటి ఏ వస్తువూ చీటీ లేకుండా బయటికి పోకూడదు. పదకొండేళ్లలో శివయ్య చేసిన మొదటి తప్పు అది. ఆఖరి రోజున చేశాడు.

సారు పది నిమిషాలు గౌన్ల గురించి అడిగాడు. హాలంతా ఒక చుట్టు తిరిగి, మళ్లీ వచ్చి కత్తుల గురించి అడిగాడు. ఆయన ఆఫీసు గదికి వెళ్లాక, స్పెషల్ విమానానికి వేళవుతోందని శివయ్య ముందు ఆ నలభై శాండ్‌విచ్‌లకూ చీటీలు అంటించి పంపాడు. తొమ్మిదిన్నరకు బయటికొచ్చి కింది అర చూశాడు.

ఖాళీ. పై అరా ఖాళీ.

పై అరలో కళ్యాణి చేసిన ఆరు జామ్ శాండ్‌విచ్‌లు ఉండాలి. ఢిల్లీ విమానానికి. అందులో ఒకటి ఎర్ర చీటీది, పల్లి పడని ఆరేళ్ల పాపకు.

"కళ్యాణీ, కింది అరల ఒకటుండె. చూసినవా?"

"నేను మీదివే చూసిన అన్నా. డిస్పాచోళ్లు వచ్చి అన్నీ ఊడ్చినట్టు తీస్కపోయిన్రు. ఏందది?"

శివయ్య చీటీల లెక్క చూశాడు. నలభైకి నలభై సరిపోయాయి. ఆరుకు ఆరు సరిపోయాయి. రాయనిదాన్ని ఎవరూ అడగరు. నాలుగున్నర గంటలు నోరు మూసుకుంటే మచ్చ లేకుండా గేటు దాటవచ్చు. కానీ బొమ్మలో మూసుకుపోయిన ఆ పిల్లవాడి కళ్లు అతని కళ్ల ముందు నిలబడ్డాయి. చుట్టిన కాగితం ఒకటే, ఆకారం ఒకటే. తొందరలో సర్దే చేతికి తేడా ఎక్కడ తెలుస్తుంది?

గౌను కూడా విప్పకుండా ప్రసన్నలక్ష్మి బల్ల దగ్గరికి నడిచాడు.

"మేడం, ఢిల్లీ బండి ఆపుండ్రి."

"ఏమైందండీ?"

"నా కాడ్నించి ఒక పల్లిది బయటికి పోయింది. చీటీ లేదు. పాప డబ్బాల పడ్డదేమోనని పరేషాన్ ఉన్న."

ఆమె ఒక్కక్షణం అతని మొహంలోకి చూసింది. ఎందుకు చేశారని అడగలేదు. ఫోన్ ఎత్తి, "ఢిల్లీ లోడింగ్ ఆపండి. బండి వెనక్కి తీసుకురండి. ఆ స్పెషల్ విమానానిది కూడా. ఆలస్యమైతే నా పేరు రాసుకోండి" అంది.

బండ్లు వచ్చేదాకా శివయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. కళ్యాణి మంచినీళ్లు తెస్తే గ్లాసు ముట్టుకోలేదు, తన వేళ్లకు ఏమి అంటి ఉందోనని.

జామ్‌వి ఆరూ బల్ల మీద పరిచారు. అన్నీ తెల్ల ముక్కలవే. గోధుమరంగు కొస ఒక్కదానికీ లేదు. శివయ్య మూడుసార్లు చూశాడు. తన నలభై పెట్టెలూ తెరిపించాడు. అందులోనూ లేదు.

"మరి ఎటు వెళ్లినట్టండీ?" అంది ప్రసన్నలక్ష్మి. ఇప్పుడు ఆమె గొంతూ తగ్గింది. ఆ గంటలో మరో మూడు విమానాలకు బండ్లు వెళ్లాయి.

"ఆడిట్ సార్‌కు మనమే చెప్పేద్దాం, రండి. అన్ని బండ్లూ ఆపాలంటే ఆయనకు తెలియక తప్పదు" అందామె.

ఆఫీసు గదిలో శ్రావణ్‌కుమార్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పింది. శివయ్య తల వంచుకుని, "తప్పు నాదే సార్. ఆమెది గాదు" అన్నాడు.

సారు చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

"కొసముక్కలదా? బ్రౌన్‌గా ఉన్నదా?"

"అవును సార్."

ఆయన మొహం ఎర్ర చీటీ రంగుకు తిరిగింది. కాళ్ల దగ్గరి చెత్తబుట్ట వంక చూశాడు. అందులో ముడుచుకుపోయిన ప్లాస్టిక్ కాగితం ఒకటి ఉంది.

"అది... రెండోసారి వచ్చినప్పుడు బండిలో చూశాను. చీటీ లేదు. తప్పు రాద్దామనే పట్టుకొచ్చాను. పొద్దున అయిదింటికి ఇంట్లోంచి బయల్దేరానండీ, టిఫిన్ లేదు." సారు గొంతు సవరించుకున్నాడు. "రాయడానికి ముందే అయిపోయింది."

శివయ్య ఆ బుట్ట వంక చూశాడు. ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయాడు. ఛాతీలోంచి ఏదో బయటికొచ్చింది. మొదట ఏడుపనుకున్నారు. నవ్వు. తలుపు దగ్గర నిలబడ్డ కళ్యాణికి అది అంటుకుంది.

"తప్పుల చీటీ రాస్తడనుకుంటే తప్పునే తినేసిండు సారు!" అందామె.

"కళ్యాణీ!" అని కసిరి, ప్రసన్నలక్ష్మి మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"అది సరే గానీ, లోపల బెల్లం ఎందుకు వేశారు?" అని అడిగాడు సారు, ఆడిటర్ గొంతు మళ్లీ తెచ్చుకునే ప్రయత్నంలో.

"నేలకు సార్. మొదటిది. మా బాపు పెడుతుండె." శివయ్య కళ్లు తుడుచుకున్నాడు. "నేలకు చప్పటిది పెడ్తరా?"

శ్రావణ్‌కుమార్ కిటికీలోంచి రన్‌వే వైపు చూశాడు. తర్వాత టైపు చేశాడు. 'చీటీ లేని పదార్థం ఒకటి. సిబ్బంది తామే తెలిపారు. ఇకపై చీటీ అంటించాలి. నమూనా పరీక్షించబడినది.' ఆ ఆఖరి మాటను కొట్టేద్దామా వద్దా అని ఆలోచించి ఉంచేశాడు.

ఢిల్లీ విమానం పద్దెనిమిది నిమిషాలు ఆలస్యంగా లేచింది. శివయ్య అద్దాల గదిలో నిలబడి దాన్ని చూశాడు. తూర్పు చివర నేలను వదిలి, ఎండలో ఒకసారి మెరిసి, పాపను తీసుకుని వెళ్లిపోయింది. అప్పుడు తాగాడు ఆ గ్లాసెడు నీళ్లు.

రెండింటికి సన్మానాలేమీ జరగలేదు. ప్రసన్నలక్ష్మి లేచి నిలబడి నమస్కారం పెట్టింది. శివయ్య గౌను మడిచి, కత్తి కడిగి, నీలం బల్లను అలవాటు కొద్దీ రెండోసారి తుడిచాడు. రేపటి నుంచి ఆ బల్ల కళ్యాణిది.

"మూలలకు అందాలె బిడ్డా. నడుమ కుప్ప పోసి మూసుడు గాదు."

"గట్లనే అన్నా. జర పైలంగ పో. ముత్తమ్మక్కకు చెప్పు, ఇగ చేతులు కడుగుడు బంద్ అని."

గేటు దగ్గర పాస్ ఇచ్చాడు. అరగంట ఆగితే మామిడిపల్లి బస్సు వచ్చింది, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.

మర్నాడు పొద్దున ఆరున్నరకు, అద్దాల గది కిటికీ గట్టు మీద, తూర్పు ముఖంగా, రెండు గోధుమరంగు కొసల శాండ్‌విచ్ ఒకటి ఉంది. దాని మీద కళ్యాణి అక్షరాలతో తెల్ల చీటీ. పదార్థం: పల్లిముద్ద, బెల్లం. ఎవరికి: నేలకు. తయారుచేసినవారు అన్న చోట శివయ్య పేరు. ఎప్పటిలోగా తినాలి అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది.