చికోండే పచ్చి ఇటుక

పొద్దున ఆఫీసు తలుపు తెరవగానే ఆయేషా చేసే మొదటి పని ఇటుక కింద పళ్ళెం చూడడం. పళ్ళెం పొడిగా ఉంటే చికోండేలో వాన పడలేదని అర్థం. ఇటుక మీద మంచు బొట్లుంటే మెత్తటి గుడ్డతో అద్ది, ఏసీ గాలి కాస్త దాని మీద పడేట్టు తిప్పి, ఆ తర్వాతే టీకి నీళ్ళు పెట్టేది.

ఆఫీసంటే దోహాలో, అల్ మన్సూరా పేటలో ఒక టైలరు షాపు మీద రెండు గదులు. ఆఫ్రికా పల్లెల్లో బడులు కట్టే చిన్న సంస్థ. ఆ మాట ఇలా అంటే జియావుద్దీన్ సార్ ఒప్పుకునేవాడు కాదు. "మనం కట్టేది కాదు బేటా, వాళ్ళతో కలిసి కట్టేది" అని పదిమందిలోనైనా సరే దిద్దేవాడు. నంద్యాల మనిషి. ఖతార్‌లో రోడ్లూ వంతెనలూ వేయించి రిటైరై, చేతులు ఊరుకోక ఈ సంస్థ పెట్టాడు. ఇటుకలు ఊరివాళ్ళే కొట్టాలి, గోడలు వాళ్ళే లేపాలి. తలుపులు, కిటికీలు, పైకప్పు రేకులు సంస్థవి. ఊరు కొట్టిన మొట్టమొదటి ఇటుక దోహాకి వస్తుంది. రేకులు పడేదాకా ఇక్కడే ఉంటుంది. పడ్డాక దాన్ని ఎవరో ఒకరు స్వయంగా మోసుకుపోయి, గుమ్మం పైన వదిలిన ఖాళీలో పెట్టి రావాలి. అప్పటిదాకా బడి పూర్తయినట్టు కాదు.

అక్కడ గోడకి ఏమైతే ఇక్కడ ఇటుకకి అదే అవుతుంది. మధ్యాహ్నం కాలుతుంది, తెల్లారి చల్లబడుతుంది, పిల్లలు వీపులానించి కూర్చుంటే వెచ్చబడుతుంది. ఇక్కడ ఇటుకకి ఏమైనా అక్కడ గోడకీ అంతే. ఒకసారి డ్రైవరు ఈరన్న మాటల్లో పడి వేడి టీగ్లాసు దాని మీద పెట్టాడు. గంటలో చికోండే నుంచి ఎస్తేర్ టీచరు ఫోటో పంపింది. తూర్పు గోడ మీద బండిచక్రమంత మరక. జియావుద్దీన్ సార్ ఈరన్నకి బాగా అక్షింతలు వేశాడు. అప్పట్నుంచి ఎవరూ దాని మీద ఏమీ పెట్టరు. ఆయేషా ఏసీ తిప్పేది కూడా అందుకే. వేసవిలో పిల్లలు చల్లటి గోడకి బుగ్గలానించి పాఠం వింటున్నారని ఎస్తేర్ చెప్పింది.

చికోండే మలావీలో ఉంది. మొన్నటిదాకా అక్కడ చెట్టు కిందే బడి. కాల్చడానికి కట్టెల్లేవు, ఉన్న చెట్లు కొట్టడం ఇష్టం లేదు, అందుకని ఊరు పచ్చి ఇటుకలతోనే గోడలు లేపింది. పైన రేకులుంటే ఆ గోడలు మనవల కాలందాకా నిలుస్తాయి. లేకుంటే ఒక్క పెద్ద వానకి బురద. ఎస్తేర్ పట్నంలో వచ్చిన ఉద్యోగం వద్దనుకుని మరీ ఈ బడి కోసం ఆగింది.

"ఒకసారి కరిగితే ఊరు మళ్ళీ ఇటుక కొట్టదు సిస్టర్" అనేది ఫోన్లో. "నా మొహం చూసి కొట్టారు. రెండోసారి నా మొహం చూడరు."

రేకులు కొని మూడు నెలలైంది. చికోండేకి దగ్గర్లో ఉన్న పట్నంలో ఒక కొట్టువాడి షెడ్డులో పేర్చి ఉన్నాయి. ఆఫీసు నుంచి ఒక్క మెసేజ్ పోతే ఇచ్చేస్తాడు. ఆ మెసేజ్ పోవడం లేదు.

జియావుద్దీన్ సార్ గుండెకి స్టెంటు పడి నంద్యాల వెళ్ళిపోయాక, మొదట్నుంచీ కమిటీలో ఉన్న సత్యప్రసాద్ గారు ఛైర్మన్ అయ్యాడు. వెస్ట్ బేలో కంపెనీ, మనిషి మాట్లాడితే తేనె కారుతుంది. ఆయేషా వీసా కూడా ఆయన కంపెనీ మీదే. వచ్చీ రాగానే ఆయన ఒక స్పాన్సర్‌ని పట్టాడు. పరుపుల షోరూములున్న పెద్దమనిషి. రేకుల డబ్బు ఆయనది. బదులుగా ఆయన అడిగింది ఒక్కటే, కప్పు మీద ఆ కొసనుంచి ఈ కొసదాకా తన పరుపుల పేరు ఉండాలి. డ్రోన్ ఎగరేసి ఫోటో తీస్తే చదవగలగాలి. రంగు ఆయన షోరూముల నీలమే అయి తీరాలి.

ఆ నీలం ఏ నీలమో తేలక మూడు నెలలు గడిచిపోయాయి. రంగుముక్కలు తెప్పించారు. ఒకటి మరీ ముదురట, ఒకటి మరీ లేతట, ఒకటి పోటీ కంపెనీ వాడి నీలంలా ఉందట. కమిటీ నాలుగు సార్లు కూర్చుని, నాలుగు సార్లూ బిర్యానీ తిని, తేల్చకుండా లేచింది. విస్తళ్ళు ఎత్తి బల్ల తుడిచేటప్పుడు ఆ రంగుముక్కల్ని కూడా చెత్తలో వేయాలని ఆయేషా చెయ్యి దురద పెట్టేది.

"అక్కా, ఊరికే ఏంటికి మనసు పాడు చేసుకుంటావు?" అనేవాడు ఈరన్న. వాడిది ఆదోని పక్క ఊరు. సత్యప్రసాద్ గారి కారు తోలతాడు, పని లేనప్పుడు ఆఫీసుకొచ్చి టీ తాగి పోతాడు.

"మనసు కాదురా, నోరు పాడైతా ఉండాది. ఏం తిన్నా చేదే" అంది ఆయేషా. ఆమెదీ ఆదోనే.

నవంబరు మొదటి శుక్రవారం వెస్ట్ బేలో ఒక పెద్ద హోటల్లో విరాళాల విందు పెట్టారు. మధ్యాహ్న భోజనం. ఇటుకని మఖమల్ పరిచిన పెట్టెలో పెట్టి తీసుకురమ్మన్నారు. ఆయేషా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కార్లో కూర్చుంది. ఇటుక వెచ్చగానే ఉంది. కానీ ముట్టుకుంటే అంటుకుంటోంది, ఉక్కపోతప్పుడు ఒంటికి పట్టే జిడ్డులాగ.

హాల్లోకి అడుగుపెట్టగానే ముందు పిల్లలు కనిపించారు. నిలువెత్తు ఫోటోల్లో. ఆయేషా పంపిన ఫోటోల్లో పిల్లలు పలకలెత్తి పట్టుకుని నవ్వుతున్నారు. అవి ఇవి కావు. ముక్కు కారుతూ, కళ్ళ మీద ఈగలతో ఎవరో పిల్లలు. ఏ ఊరి పిల్లలో కూడా తెలీదు. "నవ్వే పిల్లల్ని చూస్తే ఎవరి చెయ్యీ జేబులోకి పోదమ్మా" అని సత్యప్రసాద్ గారు చిరునవ్వుతో చెప్పాడు.

హాలు మధ్యలో చాక్లెట్‌తో చేసిన బడి. బిస్కెట్ల కప్పు, పంచదార కిటికీలు, ముంగిట్లో చాక్లెట్ పిల్లలు బారులు తీరి నిలబడ్డారు. అతిథులు చుట్టూ మూగి ఫోటోలు దిగారు. తర్వాత ఒకావిడ ఒక బొమ్మని తుంచి, తల ముందు కొరికి, "డార్క్ చాక్లెట్, చాలా బావుంది" అని పక్కావిడకి కాళ్ళు ఇచ్చింది. చూస్తుండగా బారు బారంతా ఖాళీ అయింది. ఆయేషా పైట నోటికి అడ్డం పెట్టుకుని గోడ పక్కకి జరిగింది.

అప్పుడే ఫోను మోగింది. ఎస్తేర్.

"సిస్టర్, ఈసారి ముందే వచ్చేస్తోంది. కొండ కనబడటం లేదు, అంతా నలుపు. ఊళ్ళో దుప్పట్లు, చాపలు అన్నీ తెచ్చి గోడల మీద కప్పుతున్నాం, గాలికి ఆగడం లేదు. రేకులెక్కడ సిస్టర్?"

ఆయేషా వేదిక వైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది. బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద ఇటుక పెట్టారు. పక్కన ఇత్తడి పలక, పరుపుల పేరు చెక్కి ఉంది. దాని పక్కన రిబ్బను కట్టిన డ్రిల్లు మిషన్.

"ఇదేంటికి సార్?" అని సత్యప్రసాద్ గారిని అడిగింది.

"పలక బిగించడానికమ్మా. స్పాన్సర్ గారు తన చేత్తో నాలుగు స్క్రూలు బిగిస్తారు. వీడియో వస్తుంది."

"ఇటుకకి తూట్లు పొడిస్తే అక్కడ గోడకి ఏమైతాదో మీకు తెలుసు కద సార్."

"తెలుసమ్మా, తెలీకేం. నాలుగు కన్నాలు. కిటికీలనుకుంటారు."

నవ్వాడు. పక్కనున్న కమిటీ సభ్యులు కూడా నవ్వారు.

"సార్, ఆడ వానొస్తా ఉంది. ఒక్క మాట చెప్పండి, ఇప్పుడే కొట్టాయనకి మెసేజ్ పెడతా. రంగు తర్వాత వేసుకోవచ్చు."

"నీలం ఈరోజు వేదిక మీదే ప్రకటిస్తున్నాం. ఒక్క పూట ఆగలేవూ?" సత్యప్రసాద్ గారి గొంతులో తేనె కాస్త చిక్కబడింది. "అయినా మట్టే కదా. కరిగితే మళ్ళీ కొట్టుకుంటారు. వాళ్ళకి వేరే పనేముంది గనక?"

ఆయేషా ఆయన మొహంలోకి చూసింది. నున్నగా గీసిన గడ్డం, అత్తరు వాసన, పళ్ళ సందులో ఇరుక్కున్న చాక్లెట్టు. ఈ మనిషి ఇచ్చిన జీతంతోనా నేనిన్నాళ్ళూ అన్నం తిన్నది అనుకుంది.

ఇటుక మీద మొదటి బొట్టు లేచింది. తర్వాత రెండోది. చూస్తుండగానే పైభాగమంతా తడిసి నల్లబడింది, ఒక మూల మెత్తబడి జారింది, ఎర్రటి బురద తెల్లగుడ్డ మీదుగా పాకుతూ బల్ల అంచుకి చేరింది. ఎవరూ కంగారు పడలేదు. ఒక వెయిటరు వచ్చి గుడ్డ మార్చమంటారా అని అడిగాడు. వేదిక దగ్గరికొచ్చిన స్పాన్సర్ బురదలో వేలు ముంచి, చాక్లెట్ సాస్ అనుకుని నాకాడు. ఒక్క క్షణం నాలుక ఆడించి, "కొంచెం తీపి తక్కువ" అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు. ఇంకొకాయన కూడా వేలు ముంచాడు.

ఊరు ఊరంతా తొక్కి తొక్కి పదును చేసిన మట్టి అది. దాన్ని నాకుతున్నారు.

స్పాన్సర్ వేలు తుడుచుకుని డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు. అది గుర్రుమంది. ఆయేషా ఇంకేమీ ఆలోచించలేదు. బల్ల మీంచి ఇటుకని రెండు చేతులా ఎత్తి పైటలో చుట్టుకుంది.

"ఆయేషా! పెట్టక్కడ!"

"పెట్టను సార్."

"నీ వీసా ఎవరి మీదుందో గుర్తుందా?"

"ఉంది సార్. క్యాన్సిల్ చేసుకోండి."

గుమ్మం దగ్గర అతిథులకి ఇచ్చే కానుకల సంచులు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కో సంచిలో ఒక నీలం గొడుగు. వాన పడని ఊళ్ళో గొడుగులు పంచుతున్నారు, దాని మీద పరుపుల పేరుంది కాబట్టి. ఆయేషా ఒకటి లాక్కుని, అక్కడే విప్పి, ఇటుకకి పట్టింది.

బొట్లు ఆగిపోయాయి. ఇటుక తడిగానే ఉంది, కానీ కొత్త తడి లేదు.

ఆమె అలాగే లిఫ్టు దిగి బయటికొచ్చింది. మిట్టమధ్యాహ్నం. ఆకాశంలో మబ్బు తునక లేదు. వెస్ట్ బే అద్దాల మేడల మధ్య, సొంత నెత్తి ఎండకి వదిలేసి, చంకలోని మట్టిముద్దకి గొడుగు పట్టి ఒకావిడ పోతుంటే సెక్యూరిటీ వాడు దారిచ్చి పక్కకి నిలబడ్డాడు. ఫోను మళ్ళీ మోగింది.

"సిస్టర్, చుట్టూ పడుతోంది" అంది ఎస్తేర్. "దారిలో పడుతోంది, చెట్ల మీద పడుతోంది. గోడల మీద పడటం లేదు. మా అందరి మీదా నీలం నీడ ఉంది."

"మూల ఒకటి కరిగింది కదా?"

"ఒక మూలే. అది మేం కట్టుకుంటాం."

నీడలో ఏవో పెద్ద పెద్ద అక్షరాలున్నాయని కూడా ఎస్తేర్ చెప్పింది. స్పాన్సర్ కోరిన పేరే అది, కోరిన నీలంలోనే. చదవడానికి పైన డ్రోన్ లేదు, అంతే.

ఆయేషా రోడ్డు పక్కనే నిలబడి, ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో కొట్టువాడికి మెసేజ్ పెట్టింది. రేకులు ఇప్పుడే ఇచ్చేయండి. సంస్థ పేరు రాసి, కింద తన పేరు రాసింది. ఇన్నాళ్ళూ మెసేజ్‌లన్నీ ఆమెవే కాబట్టి కొట్టువాడు మారు మాట అడగలేదు. సాయంత్రానికి ఎద్దుబళ్ళు బయల్దేరాయి.

ఈరన్న కారు తెచ్చి పక్కన ఆపాడు. "ఎక్కక్కా."

"నీ ఉద్యోగం పోతాదిరా."

"పోతే పోనీలే. ఆ టీగ్లాసు మరక బాకీ నాది ఇంకా తీరలా" అన్నాడు.

గది ఆయేషాది అల్ మన్సూరాలోనే, రమీజాతో కలిసి. గొడుగుని మంచం కోడుకి తాడుతో కట్టి, కింద ఇటుకని పెట్టారు. రమీజాది రాయచోటి, ఒక ఇంట్లో వంటపని. "గట్టిగా కట్టు, ఆడ గాలి లేస్తాదేమో" అని ఇంకో ముడి వేసింది. ఫ్యాను ఆపేశారు. కరిగిన మూల దగ్గర చల్లగా ఉందని రమీజా తన దుపట్టా చుట్టింది. చికోండేలో ఆ రాత్రి గోడ చుట్టూ పూల గుడ్డ కట్టినట్టుందని మర్నాడు ఎస్తేర్ ఫోటో పంపింది.

సత్యప్రసాద్ గారి మనుషులు ఇటుక కోసం రెండుసార్లు వచ్చారు. రమీజా తలుపు సందులోంచే "ఆడోళ్ళ గది, లోపలికొస్తారా?" అని అరిచేసరికి వచ్చిన దారే పట్టారు. విందులో మాత్రం వేరే ఇటుకకి పలక బిగించి వీడియో తీశారట. అది దోహాలోనే ఏదో సైటు నుంచి తెచ్చిన సిమెంటు ఇటుక. విరాళాలు బాగానే వచ్చాయట. మెట్ల మీద నిలబడి ఆ మాట చెప్పినప్పుడు ఈరన్న పక్కకి ఉమ్మేశాడు. ఆయేషా వద్దనలేదు.

వారం తిరక్కముందే ఒక మధ్యాహ్నం గొడుగు కింద టపటపమని చప్పుడైంది. ఆయేషా ఉలిక్కిపడి వంగి చూసింది. ఇటుక పొడిగా ఉంది. చెవి ఆనించింది. లోపల రేకుల మీద వాన. దాని కింద పిల్లలు ఒకరిని మించి ఒకరు అరుస్తున్నారు, చప్పుడుకి పాఠం వినబడక. ఆయేషా తాడు విప్పి గొడుగు ముడిచింది. చాలా రోజుల తర్వాత ఆ పూట అన్నం అన్నంలా అనిపించింది.

వీసా క్యాన్సిల్ అయిందని కంపెనీ నుంచి కబురొచ్చింది. ఇంటికి టికెట్ కంపెనీయే ఇవ్వాలి, అది చట్టం. టికెట్లు చూసే గుమాస్తా ఫోన్ చేసి "హైదరాబాదే కదా?" అని అడిగాడు.

ఆయేషా ఇటుక వైపు చూసింది. జియావుద్దీన్ సార్ ఎక్కలేడు విమానం. గుమ్మం పైన ఒక ఖాళీ ఉండిపోయింది. "మేం పూడ్చం, ఎన్నాళ్ళయినా సరే" అని ఎస్తేర్ నిన్ననే అంది. ఇంకో మాట కూడా అంది. చిన్న తరగతులకి ఇంకొక టీచరు కావాలట.

"మలావీకి తీయి అన్నా" అంది ఆయేషా.

"ఎక్కడికైతే నాకేంటమ్మా. దేశం దాటితే చాలన్నారు సార్" అని గుమాస్తా తీసేశాడు.

ఎయిర్‌పోర్టులో సంచి తనిఖీ చేసే ఆఫీసరు, జిప్పు తీయకముందే చెయ్యి ఆపాడు. సంచిలోంచి రేకుల మీద వాన చప్పుడు. తలెత్తి పైకప్పు వైపు చూశాడు, అద్దాల అవతల ఎండ చూశాడు.

"ఏముంది ఇందులో?"

"బడి" అంది ఆయేషా.

ఆఫీసరు కాసేపు చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. తర్వాత సంచిని తనే ఎత్తి, తలకిందులు కాకుండా, జాగ్రత్తగా అవతలి వైపు పెట్టాడు.