కాలు దించనివ్వని పెడళ్లు

డానియల్‌కు యాభై ఏళ్లు నిండేసరికి ఇంటికి ఇద్దరు కొత్త చుట్టాలొచ్చారు. ఒకటి షుగరు, రెండోది రేసు సైకిలు. షుగరు తనంతట తానే వచ్చింది. సైకిలును హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు రూప తెచ్చింది. మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాల లెక్క చూసే మనిషి బిగుతు నిక్కరు తొడుక్కుని పొద్దున్నే ఊళ్లో సైకిలు తొక్కుతుంటే మొదటి వారం కుక్కలు మొరిగాయి, రెండో వారం జనం నవ్వారు, మూడో వారానికి అందరికీ అలవాటైపోయింది.

అలవాటు కానిది డానియల్ ఎడమ కాలికే. ఊరి నడుమ దొర ఇల్లు రాగానే అది పెడల్ వదిలి రోడ్డుకు ఆనేది. డానియల్ చిన్నప్పుడు వాళ్ల బాపు ఇస్రాయేలు ఆ ఇంటి గోడ మొదట్లో సైకిలు దిగి, చెప్పులు చేతబట్టుకుని, గోడ అయిపోయేదాకా నడిచేవాడు. వెనక కూర్చున్న కొడుకునూ దింపి నడిపించేవాడు. ఎక్కి పోతే ఏం జరిగేదో ఊళ్లో అందరికీ తెలుసు. ఇప్పుడు దొర లేడు, కొడుకులు భూములమ్ముకుని వెళ్లిపోయారు, గేటు తాళం తుప్పు పట్టింది. కాలికి మాత్రం ఆ కబురు అందలేదు. ఒక్కసారైనా కాలు దించకుండా ఆ గోడ దాటాలని డానియల్ ఆశ. సిగ్గేసి ఎవరికీ చెప్పుకోలేదు.

శనివారం రూప రెండు జతల పెడళ్లు, వాటికి తగిన బూట్లు తెచ్చి మంచం మీద పరిచింది.

"గివి క్లిప్‌లెస్ పెడల్స్ నాయినా. బూటు కింద గీ ముక్క బిగిస్తం. తొక్కితే టక్కున పట్టుకుంటది. మడిమె బయటికి తిప్పితేనే ఇడుస్తది."

పేరేమో క్లిప్‌లెస్, చేసేదేమో కాలు పట్టుకోవడం. ఆ పేరు పెట్టినవాడెవడో డానియల్‌కు అంతుబట్టలేదు కానీ, పట్టుకుంటుందన్న మాట చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది.

మొదటి జత బూట్ల కింద వెడల్పాటి ప్లాస్టిక్ ముక్క ఉంది. తొడుక్కుని నాలుగడుగులు వేస్తే బాతు నడక వచ్చింది. మంచంలో కూర్చున్న ఇస్రాయేలు నవ్వు కనబడకుండా నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. రెండో జతకు చిన్న ఇనుప ముక్క, బూటు అడుగున దాగి ఉంటుంది. నడక మామూలే. పెడల్‌ను ఏ వైపు తొక్కినా పట్టుకుంటుంది.

"కొత్తోళ్లకు గిదే నయం. పెడల్‌కున్న గీ మర గట్టిగ తిప్పితే కాలు జల్ది రాదు. నీకు మొత్తం వదులు పెడ్త," అంది రూప.

సాయంత్రం దాకా చర్చి ప్రహరీ పక్కన సాధన. డానియల్ మూడుసార్లు పడ్డాడు. మూడోసారి బోర్లా పడితే, ఎదురుగా టీ కొట్టు బిక్షమ్మ గ్లాసులు కడుగుతూ, "ఏం డానియలూ, ప్రార్థన గిట్ల గూడ చేస్తరా?" అని అడిగింది. నాలుగోసారి నుంచి మడిమ తిప్పడం, కాలు దించడం కుదిరాయి.

ఆ ఊపులో దొర ఇంటి వైపు పోయాడు. గోడ మొదలైంది. చెయ్యి బ్రేకు నొక్కింది, ఎడమ మడిమ చక్కగా బయటికి తిరిగింది, కాలు వచ్చి నేలమీద నిలబడింది.

"మస్తు నేర్చినవ్ నాయినా," అని వెనకాల వస్తున్న రూప చప్పట్లు కొట్టింది. డానియల్‌కు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. ఇంటికొచ్చి బూట్లు విప్పి మూల పడేశాడు.

"వాపస్ ఇచ్చెయ్యి బిడ్డా. నాకొద్దు."

ఎందుకని రూప వదలకుండా అడిగితే అంతా చెప్పేశాడు. గోడ సంగతి, చెప్పుల సంగతి, కాలి సంగతి. బాపు ముందు ఆ మాటలు అనాల్సి వచ్చినందుకు తల దించుకున్నాడు. ఇస్రాయేలు మంచం మీంచి లేచి, సైకిలు దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"గా కాలు పట్టే మర ఏది బిడ్డా?"

రూప చూపించింది.

"గట్టిగ తిప్పు."

"పడతడు తాతా."

"పడితె లేస్తడు. తిప్పు."

ఆదివారం ఆరాధనకు ముందు, ఇస్రాయేలు తెల్ల అంగీ తొడుక్కుని వచ్చి దొర ఇంటికి ఎదురుగా రోడ్డు పక్కన నిలబడ్డాడు. డానియల్ బయలుదేరాడు. గోడ రాగానే ఎడమ కాలు గుంజింది. పెడల్ వదల్లేదు. మళ్లీ గుంజింది, రాలేదు. వేళ్లు బ్రేకు మీదికి పోతున్నాయి.

"తొక్కు," అన్నాడు ఇస్రాయేలు.

డానియల్ తొక్కాడు. గేటు వెనక్కి పోయింది, తాళం పోయింది, గోడ మొత్తం పోయింది. గోడ అవతల గట్టిగా మడిమ తిప్పి, పడకుండా దిగాడు. నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే సైకిలు నడిపించుకుంటూ తండ్రి దగ్గరికి వచ్చాడు. చర్చి గంట మోగుతోంది. ఇస్రాయేలు కదల్లేదు. గోడను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తున్నాడు.

"గంత జల్ది పోతె నాకేం కనవడ్తదిరా. మళ్లొకసారి పో. జర మెల్లగ."