నలగని గడ్డి

మా ఊరి నుంచి బస్సు ఆగే చోటికి పొలాల మధ్య ఒక కాలిబాట ఉంది. కొత్తగా తోట కొన్నాయన దానికి అడ్డంగా గేటు పెట్టి తాళం వేశాడు. అప్పటి నుంచి మా అమ్మాయి లారీలు తిరిగే రోడ్డు అంచున నడిచి పనికి వెళ్తోంది. అది ఇల్లు చేరేదాకా నా ప్రాణాలు గుమ్మంలోనే వేలాడుతుంటాయి.

ఇంతలో ఊరి అభివృద్ధి పనుల మీద ప్రజా తనిఖీ సభ పెట్టారు. కారు దిగి వచ్చిన అధికారి నివేదిక చదివాడు.

"కాలిబాట దివ్యంగా ఉంది. ఒక్క గుంట లేదు. గడ్డి కూడా నలగలేదు."

తాళం వేసిన బాట మీద గడ్డి ఎలా నలుగుతుంది, నా తండ్రీ!

అమ్మాయి లేవబోతుంటే కొంగు పట్టుకుని లాగాను. "ఊరుకోవే, తోటాయన పగబడతాడు."

"నువ్వుండమ్మా," అని అది లేచే లేచింది. "సార్, ఆ బాట మీద నడిచి చూశారా?"

"గేటు ఇవతల నుంచే చూశాం తల్లీ. తాళం ఉంది కదా!"

సభంతా గొల్లున నవ్వింది. నా భయం ఏ గంగలో కలిసిందో, నేనూ లేచాను.

"పోనీ బాబూ, మా పిల్ల నడిచే రోడ్డు మీదైనా దానితోపాటు కాస్త నడిచి రండి. మీ కారు వెనకాలే వస్తుందిలెండి."

అందరూ చూస్తుంటే కాదనలేక బయల్దేరాడు. మొదటి లారీ హారన్‌కే రోడ్డు పక్క కాలువలోకి దూకాడు. బురద కారుతూ పైకొచ్చి, నిలబడినచోటి నుంచే తాళం తీయించమని ఫోను చేశాడు.

ఇప్పుడు అమ్మాయి బాట మీదే వెళ్తోంది. గడ్డి మోకాళ్ల దాకా పెరిగిందట. పాములుంటాయేమో!